సర్వర్ మౌనం అర్ధాంగీకారం కాదు

సర్వర్లను కనిపెట్టుకుని ఉండేవాళ్లలో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. అలారం మోగలేదంటే అంతా సవ్యంగా ఉన్నట్టేనని. డ్యాష్‌బోర్డ్ పచ్చగా ఉంది, పింగ్ పలుకుతోంది, మౌంట్ల జాబితాలో పేరు కనిపిస్తోంది, ఐదు నిమిషాలకోసారి నడిచే స్క్రిప్టు ఏ ఫిర్యాదూ పంపలేదు, ఇంకేం కావాలంటారు. యంత్రంలోనే ఉన్న డిస్కు సంగతిలో ఈ మాట చాలావరకు చెల్లుతుంది. వేరే యంత్రం నుంచి నెట్‌వర్క్ మీదుగా తెచ్చుకున్న ఫైళ్ల మౌంటు దగ్గర మాత్రం చెల్లదు. ఎందుకంటే అలాంటి మౌంటు చెడిపోయినప్పుడు చాలాసార్లు తప్పు జరిగిందని చెప్పదు, ఏమీ చెప్పకుండా ఊరుకుంటుంది. దాన్ని పలకరించడానికి వెళ్లిన స్క్రిప్టు నోరు కూడా మూయిస్తుంది. కాబట్టి నా వాదన ఒకటే: జవాబు రాకపోవడాన్నే లోపంగా లెక్కకట్టని పర్యవేక్షణను పర్యవేక్షణ అనకూడదు. అది ఉన్నా లేనట్టే అని సరిపెట్టుకోవడానికీ వీల్లేదు, ఎందుకంటే లేని భరోసా ఇచ్చి, మనిషి వెళ్లి చూడాల్సిన చూపును కూడా అది ఆపేస్తుంది.

ఈ మౌనం ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్) పుట్టుక దాకా వెళ్లాలి. సన్ మైక్రోసిస్టమ్స్ 1980ల నడుమ తయారుచేసిన ఈ పద్ధతి రెండో వెర్షన్ వివరాలు 1989లో, మూడోది 1995లో ప్రామాణిక పత్రాలుగా వెలువడ్డాయి. తొలి రూపకర్తలు తీసుకున్న నిర్ణయం చాలా తెలివైనది. ఏ క్లయింటు ఏ ఫైలు తెరిచిందో సర్వర్ గుర్తుంచుకోదు. ప్రతి అభ్యర్థనా తనకు కావలసిన వివరమంతా తానే మోసుకెళుతుంది. సర్వర్ కూలిపోయి మళ్లీ లేచినా క్లయింటుకు ఆ సంగతి తెలియనక్కర్లేదు, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు జవాబు వస్తుంది. నాలుగో వెర్షన్ వచ్చేసరికి సర్వర్ కొన్ని విషయాలు గుర్తుపెట్టుకోవడం మొదలైంది గానీ, విసుగు లేకుండా అడుగుతూనే ఉండే ఆ ఓర్పు అలాగే మిగిలింది. లినక్స్‌లో ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే మౌంటు హార్డ్ పద్ధతిలోనే జరుగుతుంది. అంటే సర్వర్ మాయమైతే, ఆ ఫైలు అడిగిన ప్రోగ్రాం ఎంతకాలమైనా అలాగే నిలబడిపోతుంది. ఇది పొరపాటున వచ్చిన లోపమేమీ కాదు, కోరి పెట్టుకున్న గుణం. రాత సగంలో తెగిపోకుండా కాపాడేది ఈ గుణమే.

రెండో రకం వైఫల్యం దీనికి భిన్నం. ప్రతి ఫైలుకూ సర్వర్ ఒక హ్యాండిల్ ఇస్తుంది. అందులో ఏ ఫైల్‌సిస్టమ్, ఏ ఐనోడ్, ఆ ఐనోడ్‌కు ఎన్నో తరం అన్న గుర్తులు ఉంటాయి. సర్వర్ మీద ఆ ఫైలు తుడిచేసినా, డిస్కును మళ్లీ ఫార్మాట్ చేసినా, ఎగుమతి జాబితా నుంచి ఆ డైరెక్టరీని తీసేసినా, పాత సర్వర్ బదులు వేరొకటి వచ్చి దాని ఫైల్‌సిస్టమ్ గుర్తు మారినా, క్లయింటు చేతిలో ఉన్న హ్యాండిల్ చెల్లని చీటీ అయిపోతుంది. అప్పుడు వచ్చే జవాబు 116వ నంబరు లోపం, స్టేల్ ఫైల్ హ్యాండిల్. ఇక్కడ కనీసం ఒక మాటైనా వస్తుంది. కానీ ఆ మాట అడిగిన ప్రోగ్రాంకే వినపడుతుంది. ఎవరూ అడగని మౌంటు ఎన్నాళ్లు చెల్లకుండా పడి ఉన్నా ఎవరికీ తెలియదు. నెలకోసారి నడిచే లెక్కల పని ఆ డైరెక్టరీని తాకిన రోజే బయటపడుతుంది. పర్యవేక్షణ అవసరం అసలు ఇక్కడే ఉంది: అవసరం పడకముందే అడగడం.

మరి ఏమని అడుగుతున్నాం? మౌంట్ ఆజ్ఞ గానీ, ప్రాక్ మౌంట్స్ ఫైలు గానీ చూపించేది కెర్నెల్ తన దగ్గర ఉంచుకున్న పట్టికను. ఆ పట్టిక చూపించడానికి సర్వర్‌ను ఒక్క మాట కూడా అడగదు. సర్వర్ కాలి బూడిదైనా అందులో పేరు ఉంటుంది. పింగ్‌కు జవాబిచ్చేది అవతలి యంత్రం నెట్‌వర్క్ పొర, అక్కడ ఫైళ్ల సేవ చచ్చి ఉన్నా పింగ్ నవ్వుతూ పలుకుతుంది. 2049 పోర్టు తెరుచుకుందా అని చూడటం ఒక మెట్టు మేలు. ఆ సేవకు ఖాళీ అభ్యర్థన పంపి జవాబు చూడటం ఇంకో మెట్టు మేలు. కానీ ఈ రెండూ సేవ బతికి ఉందని చెబుతాయే తప్ప, నా హ్యాండిల్ ఇంకా చెల్లుతోందా అన్న ప్రశ్నకు దగ్గరికి కూడా రావు. సర్వర్ ఆరోగ్యంగా ఉండి మౌంటు మాత్రం చెడిపోవడం ఈ రంగంలో ఏమంత అరుదు కాదు. స్టాట్ ఆజ్ఞతో ఆ డైరెక్టరీనే అడిగితే? అక్కడా ఒక మెలిక ఉంది. క్లయింటు ఫైళ్ల లక్షణాలను కొంతసేపు తన దగ్గరే దాచుకుంటుంది. డైరెక్టరీలకు ఆ గడువు మామూలుగా 30 సెకన్ల నుంచి 60 సెకన్ల దాకా ఉంటుంది. ఆ గడువులో అడిగితే నిన్నటి మంచి మాటే ఇవాళ వినిపించినట్టవుతుంది. ఫైల్‌సిస్టమ్ మొత్తం వివరాలు అడిగే పద్ధతి, అంటే స్టాట్‌కు ఎఫ్ జోడించి అడిగేది, ప్రతిసారీ సర్వర్ దాకా వెళ్లి వస్తుంది. అడిగితే అదే అడగాలి.

ఇక అందరూ రాసే స్క్రిప్టు సంగతి. క్రాన్‌లో ఐదు నిమిషాలకోసారి డీఎఫ్ నడిపి, వచ్చిన దాన్ని గ్రెప్‌తో వడపోసి, లోపం కనిపిస్తే మెయిలు పంపడం. కాలేజీ ల్యాబుల నుంచి కార్పొరేట్ డేటా సెంటర్ల దాకా ఇదే నమూనా. డీఎఫ్ చేసే పని ప్రతి మౌంటునూ వరసగా అడగడం. చెడిపోయిన మౌంటు దగ్గరికి రాగానే అది నిలబడిపోతుంది. దాని తర్వాతి వరస, అంటే గ్రెప్, మెయిలు, ఏదీ నడవదు. ఏ లోపాన్ని పట్టుకోవడానికి రాశారో ఆ లోపమే స్క్రిప్టును మింగేస్తుంది, మెయిలు రాదు, రాలేదు కాబట్టి అంతా బాగుందనుకుంటారు. క్రాన్ మాత్రం ఆగదు. ఐదు నిమిషాలకు ఇంకో డీఎఫ్, ఆ తర్వాత మరొకటి, ఒక రోజుకు 288. అన్నీ కదలని నిద్రలో పడి ఉంటాయి. లినక్స్ అలాంటి ప్రాసెస్‌లను కూడా లోడ్ లెక్కలో కలుపుతుంది కాబట్టి సీపీయూ ఖాళీగా ఉండగానే లోడ్ వందల్లోకి ఎక్కుతుంది. అప్పుడు వచ్చిన ఇంజినీర్ లోడ్ ఎందుకు పెరిగిందని వెతుకుతూ గంటలు గడుపుతాడు. కెర్నెల్ లాగ్ చూసుకోవచ్చు కదా అంటారు. కిల్‌కు కూడా లొంగని నిద్రలో 120 సెకన్లు కదలని ప్రాసెస్ గురించి కెర్నెల్ ఒక హెచ్చరిక రాస్తుంది, నిజమే. కానీ ఆ హెచ్చరికలకు మామూలుగా ఉండే పరిమితి పది. పది రాశాక అది కూడా నోరు మూసుకుంటుంది. తొలి పది ఏనాడో లాగ్‌లో కొట్టుకుపోయాక, పదకొండో ప్రాసెస్ నిలిచిపోయిన రోజున వెతికేవాడికి ఏమీ దొరకదు.

మౌనాన్ని ఎలా లెక్కకట్టాలో మన కళ్లెదుటే నేర్చుకోవచ్చు. హౌరా-చెన్నై ప్రధాన మార్గం నుంచి గుణుపురం లైను చీలే నౌపడ జంక్షన్‌లో ఏ రైల్వే ఉద్యోగిని అడిగినా లైన్ క్లియర్ అంటే ఏమిటో చెబుతాడు. ముందు స్టేషన్ నుంచి లైన్ క్లియర్ రానిదే బండిని పంపరు. ‘అవతలి నుంచి ఏ అభ్యంతరమూ రాలేదు కాబట్టి పంపేశాం’ అన్న మాటకు అక్కడ చోటే లేదు. పట్టాలనే తీగలుగా వాడుకునే ట్రాక్ సర్క్యూట్ కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. 1872లో విలియం రాబిన్సన్ అనే అమెరికన్ పేటెంట్ పొందిన పద్ధతి అది. పట్టాల్లో చిన్న కరెంటు నిరంతరం పారుతూ రిలేను పట్టి ఉంచితేనే దారి ఖాళీ అని అర్థం. బండి వచ్చి ఆ కరెంటును తనవైపు లాక్కున్నా, తీగ తెగినా, బ్యాటరీ దిగిపోయినా, పట్టా విరిగినా రిలే జారుతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. క్షేమం అన్న మాటకు క్షణక్షణం రుజువు కావాలి, ప్రమాదం అన్న మాటకు ఏ రుజువూ అక్కర్లేదు. మన స్క్రిప్టులు దీన్ని సరిగ్గా తలకిందులు చేశాయి: ప్రమాదానికి రుజువు అడుగుతున్నాయి, క్షేమాన్ని ఊరికే ఇచ్చేస్తున్నాయి. సూచన ఒక దారిలో, అసలు స్థితి ఇంకో దారిలో ఉంటే ఏమవుతుందో కూడా ఈ మార్గమే చూపింది. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్ స్టేషన్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను సిగ్నల్ పచ్చగా పడింది, పాయింటు మాత్రం లూప్ లైనుకు తిరిగి ఉంది. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ సర్క్యూట్లలో చేసిన మార్పుల్లోని లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. ఒక ఫైల్ మౌంటును ఆ విషాదంతో తూచడం నా ఉద్దేశం కాదు. సూచనను అసలు వస్తువు నుంచే తీసుకోవాలన్న నియమం రెండు చోట్లా ఒకటేనని మాత్రం అంటున్నాను.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఈ స్క్రిప్టుల కాలం పోయింది, ఇప్పుడు ప్రొమీథియస్ లాంటి సాధనాలు ఉన్నాయి, అవే చూసుకుంటాయి అని. ఆ సాధనాలు మంచివే. ఈ సమస్య వాటిని రాసినవాళ్లకు తెలుసు కూడా. ప్రొమీథియస్‌కు లెక్కలు అందించే నోడ్ ఎక్స్‌పోర్టర్ ఒక మౌంటు దగ్గర ఐదు సెకన్లలో జవాబు రాకపోతే దాన్ని ఇరుక్కుపోయినట్టు గుర్తుపెట్టుకుని, ఆ జవాబు వచ్చేదాకా దాని జోలికి వెళ్లదు. లోపం ఉందన్న ఒక ప్రత్యేక సూచికను మాత్రం బయటపెడుతుంది. ఇది తెలివైన ఏర్పాటు. కానీ ఆ సూచిక మీద అలర్ట్ రాసుకోవాల్సింది మనం. మనలో ఎక్కువమంది రాసుకునేది ఖాళీ స్థలం పది శాతం కన్నా తగ్గితే మోగమని. ఇరుక్కున్న మౌంటు ఖాళీ స్థలం లెక్కే పంపదు, లేని అంకె ఏ హద్దునూ దాటదు, అలర్ట్ మోగదు. సొంత స్క్రిప్టు ఫలితాన్ని ఒక ఫైలులో రాసి అదే సాధనం చేత చదివించే పద్ధతిలో ప్రమాదం ఇంకా ఎక్కువ. స్క్రిప్టు నిన్న రాత్రి ఇరుక్కుపోయినా, అది చివరిసారి రాసిన ‘బాగుంది’ అన్న మాట ఆ ఫైలులో అలాగే ఉంటుంది, ప్రతిసారీ కొత్త మాటలాగే చదవబడుతుంది. ఆ ఫైలు ఎప్పుడు మారిందో చెప్పే సూచిక ఉంది, దాన్ని చూసేవాళ్లే అరుదు. నాగియోస్ వాడేచోట కథ మరోలా ఉంటుంది. డిస్కు తనిఖీ పదేపదే హ్యాంగ్ అవుతోందని విసిగి, ఎవరో ఒకరు దానికి లోకల్ డిస్కులే చూడమనే గుర్తు తగిలిస్తారు. ఆ రోజుతో గోల ఆగుతుంది, నెట్‌వర్క్ మౌంట్లన్నీ కాపలా నుంచి బయటికి పోతాయి. సాధనం ఎంత ఖరీదైనదైనా, మౌనం అంటే క్షేమం అన్న నమ్మకం దాని మీద కూర్చుంటే ఫలితం ఐదు వరసల స్క్రిప్టుకు భిన్నంగా ఉండదు.

రెండో అభ్యంతరం సాఫ్ట్ మౌంటు. హార్డ్ వల్లే కదా హ్యాంగ్, సాఫ్ట్ పెడితే కొంతసేపటికి లోపం వచ్చి ప్రోగ్రాం విడుదలవుతుంది కదా అని. విడుదలవుతుంది. కానీ ఏ స్థితిలో? సగం రాసిన ఫైలు వదిలేసి. రాయమన్న ఆజ్ఞకు వచ్చిన లోపాన్ని చూసుకోని ప్రోగ్రాంలు లోకంలో లెక్కలేనన్ని. లినక్స్ ఎన్ఎఫ్ఎస్ మాన్యువల్ పేజీయే సాఫ్ట్ వల్ల కొన్ని సందర్భాల్లో డేటా చడీచప్పుడు లేకుండా పాడవవచ్చని హెచ్చరిస్తుంది. చదవడానికి మాత్రమే వాడే మౌంటుకు సాఫ్ట్ పెట్టుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. రాతలు జరిగేచోట, తనిఖీ స్క్రిప్టు హ్యాంగ్ కాకూడదన్న కోరికతో అసలు పనికి ముప్పు తేవడం ఏం న్యాయం? తనిఖీ సమస్యను తనిఖీలోనే తీర్చుకోవాలి.

మూడోది, నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది: స్క్రిప్టే బాగుచేసేస్తుంది కదా అన్న ధీమా. చెడిన మౌంటు కనిపించగానే లేజీ అన్‌మౌంట్ చేసి, మళ్లీ మౌంట్ చేసే నాలుగు వరసలు చాలాచోట్ల నడుస్తున్నాయి. లేజీ అన్‌మౌంట్ చేసేది పేరును పట్టికలోంచి తీసేయడం. ఇరుక్కున్న ప్రాసెస్‌లు ఇరుక్కునే ఉంటాయి, కానీ జాబితా శుభ్రంగా కనిపిస్తుంది. మళ్లీ మౌంట్ చేయడం విఫలమైతే ఇంకా ఘోరం. మౌంటు లేచిపోయిన చోట దాని అడుగున ఉన్న ఖాళీ డైరెక్టరీ బయటపడుతుంది. రాత్రి బ్యాకప్ వచ్చి దాన్నే తన గమ్యం అనుకుని, సర్వర్ సొంత డిస్కు మీద రాసుకుంటుంది. పని విజయవంతం అని రిపోర్టు పంపుతుంది. దూరంగా ఉండాల్సిన నకలు, ఏ యంత్రం పోతుందని భయపడి తీస్తున్నామో ఆ యంత్రంలోనే పేరుకుంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లకు ఇలాంటి నష్టం బరువు వేరుగా చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస ఊళ్లను దశాబ్దాలుగా పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్ 14న మొదలైంది. ఇలాంటి జబ్బులో ఒక మనిషి క్రియాటినిన్ ఏడాదికేడాదికి ఎలా పెరిగిందన్న వరసే వైద్యానికీ పరిశోధనకూ ఆధారం. ఎక్కడైనా సరే, అలాంటి రికార్డుల నకలు ఆరు నెలలుగా తప్పు డిస్కులో పడుతోందని డిస్కు పోయిన రోజున తెలిస్తే, ఆ రక్తపరీక్షలను మళ్లీ వెనక్కి వెళ్లి చేయించలేం. కాబట్టి స్క్రిప్టు ముందు అరవాలి, బాగుచేయడం తర్వాతి మాట. బ్యాకప్ కూడా రాయబోయే ముందు ఆ చోట నిజంగా నెట్‌వర్క్ ఫైల్‌సిస్టమే ఉందా అని రకం చూసుకోవాలి. మౌంటు అడుగు డైరెక్టరీని ఎవరూ రాయలేకుండా ఇమ్మ్యూటబుల్‌గా గుర్తించి పెడితే, పొరపాటు జరిగిన మొదటి నిమిషంలోనే పని గట్టిగా విఫలమవుతుంది. విఫలం కావడమే అక్కడ కావలసింది.

సరైన స్క్రిప్టు పెద్దదేమీ కాదు. మౌంట్ల జాబితాను కెర్నెల్ పట్టిక నుంచే తీసుకుంటుంది, దాన్ని చదవడంలో హ్యాంగ్ లేదు. ఆ జాబితాను ఎఫ్ఎస్ ట్యాబ్‌లో ఉండాల్సినవాటితో పోల్చుతుంది, ఎందుకంటే మాయమైన మౌంటు తన గురించి తాను చెప్పుకోలేదు. ఒక్కో మౌంటుకు ఒక్కో పిల్ల ప్రాసెస్‌ను విడిగా పంపి గడువు పెడుతుంది. 2008లో వచ్చిన 2.6.25 కెర్నెల్ నుంచి ఎన్ఎఫ్ఎస్ కోసం నిలబడ్డ ప్రాసెస్‌ను చాలావరకు కిల్‌తో తెంచవచ్చు. అయినా అన్ని నిరీక్షణలూ తెగవు కాబట్టి, తల్లి ప్రాసెస్ పిల్ల కోసం కాచుకుని కూర్చోకుండా గడువు దాటగానే ‘జవాబు లేదు’ అని రాసి ముందుకు పోవాలి. పాతది ఇంకా నడుస్తుంటే కొత్తది మొదలుకాకుండా తాళం ఉండాలి, ఆ తాళం విడుదల కాలేదన్నది కూడా ఒక హెచ్చరికే కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, ‘నేను నడిచాను, ఇన్ని మౌంట్లు చూశాను, ఫలానా సమయానికి ముగించాను’ అన్న మాట ప్రతిసారీ వేరే యంత్రానికి చేరాలి. ఆ యంత్రం వరుసగా రెండు మూడు మాటలు అందకపోతే తానే మోగాలి. కాపలాదారు కూలితే కూలినట్టు చెప్పేది కాపలాదారు కాలేడు.

ఇలా చేస్తే అర్ధరాత్రి పనికిమాలిన అలారాలు ఎక్కువైపోతాయని ఆన్‌కాల్‌లో ఉండేవాళ్లు అంటారు. వాళ్ల నిద్ర విలువైనదే, ఆ మాటను తేలిగ్గా తీసుకోను. స్విచ్ ఒక నిమిషం తడబడితే నలభై సర్వర్లు ఒకేసారి అరవడం నిజంగా జరిగే పనే. దానికి మందు, ఒకే స్టోరేజీకి చెందిన హెచ్చరికలన్నిటినీ ఒక్కటిగా కట్టడం, రెండు వరుస తనిఖీలు విఫలమయ్యాకే ఫోను మోగించడం. మౌనాన్ని క్షేమం ఖాతాలో వేయడం దానికి మందు కాదు. ఆ ఒక నిమిషం తడబాటును కూడా పగటి రిపోర్టులో చూడాలి, రేపటి పెద్ద తెగుదలకు అదే తొలి గుర్తు కావచ్చు. ఇక క్లౌడ్‌కు వెళ్లిపోతున్నాం, ఈ గొడవలన్నీ పాతవి అనేవాళ్లున్నారు. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో తన క్లౌడ్ ప్రాంతాన్ని తెరిచింది. ఆ సంస్థ అమ్మే ఈఎఫ్ఎస్ అనే ఫైళ్ల సేవ మాట్లాడేది ఎన్ఎఫ్ఎస్ 4.0, 4.1 లోనే, వాళ్లు సిఫారసు చేసేది హార్డ్ మౌంటే. అవతలి యంత్రం ఎవరిదన్నది మారింది. ఇవతలి కెర్నెల్ ఎదురుచూసే తీరు మారలేదు.

ఉద్దానం ఉన్న ఈ తీరంలో లింకు తెగడం ఊహాజనితం కాదు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబర్ 12న, హుద్‌హుద్ 2014లో అదే తేదీన, తిత్లీ 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున. తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలు కూలి ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కరెంటు పోయినప్పటికన్నా తిరిగి వచ్చినప్పుడే నెట్‌వర్క్ మౌంట్లకు ఎక్కువ ప్రమాదం. స్టోరేజీ సర్వర్ లేచి, తన డిస్కు ఇంకా ఎక్కకముందే ఎగుమతి మొదలుపెడితే, క్లయింట్లకు ఖాళీ డైరెక్టరీయో చెల్లని హ్యాండిలో మిగులుతుంది. డిస్కు ఎక్కితేనే ఎగుమతి చేయమనే మౌంట్‌పాయింట్ అన్న ఒక్క మాట ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో రాసుకుంటే ఇది ఆగుతుంది, రాసుకునేవాళ్లు తక్కువ. స్క్రిప్టును నమ్మే ముందు ఒక పరీక్ష యంత్రంలో ఫైర్‌వాల్‌తో 2049 పోర్టును మూసి, ఫోను మోగిందా లేదా, ఎన్ని నిమిషాలకు మోగింది అని చూడాలి. తర్వాత ఎగుమతిని తీసేసి చెల్లని హ్యాండిల్‌తో ఒకసారి, మౌంటునే లేపేసి ఇంకోసారి, చివరగా తనిఖీ స్క్రిప్టునే చంపేసి మరోసారి. నాలుగుసార్లూ మోగితేనే ఆ స్క్రిప్టు పనిలోకి రావాలి. అక్టోబర్‌లో తుపానులు వరస కట్టే చోట ఈ పరీక్షకు నెల సెప్టెంబర్.